అన్న పేరు మీద పడ్డ గాయం

ఆ రోజు నేను చేసిన తప్పు చూడ్డానికి చిన్నదే. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి పేషెంటు పేరు అడిగింది. స్ట్రెచరు మీద పడుకున్న మనిషి పేరు చెప్పకుండా, అతని అన్న పేరు చెప్పాను. వయసు అడిగితే అన్న వయసు చెప్పాను. ఆమె రాసుకుని కాగితం నా వైపు తిప్పింది. తీసుకొచ్చినవాళ్ళు సంతకం పెట్టాల్సిన చోట నా సంతకం పెట్టాను. ఒక నిమిషం కూడా పట్టలేదు.

అతను స్పృహలోనే ఉన్నాడు. కుడిచేతికి చుట్టిన తువ్వాలు నిండా రక్తం, ఐసు నీళ్ళు. తల కొంచెం ఎత్తి, “అది అన్న పేరు కదండీ బాబాయ్” అన్నాడు.

“నువ్వు మాట్లాడకు. అంతా నేను చూసుకుంటాను” అన్నాను.

చూసుకుందామనే అనుకున్నాను. నా గొప్ప కోసం ఈ మాట రాయడం లేదు. మేలు చేస్తున్నాననుకుని చేసిన పని కాబట్టే, చాలాకాలం దాన్ని తప్పని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

అప్పట్లో నేను ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాని. ఏలూరు దాటాక కైకలూరు వెళ్ళే రోడ్డు పక్కన ఉండేది. చుట్టూ చేపల చెరువులు. చెరువులో వల దించిన రోజున లారీలు మా గేటు ముందు వరసగా ఆగేవి. ఐసు లేకపోతే చేప కలకత్తా దాకా నిలవదు. రేకు డబ్బాల్లో నీళ్ళు పోసి, ఉప్పునీటి తొట్టెలో దించి గడ్డకట్టించి, ఆ దిమ్మలు బయటకి లాగి, పొడిచేసే మిషన్లోకి తోసి, ఆ పొడిని లారీలకి ఎక్కించడం అక్కడి పని. ఆ పని చేసేది ముఠా.

ముఠా అంటే పన్నెండు మంది కూలీలు. అందరూ పక్క ఊరివాళ్ళు, చాలామంది మా చర్చివాళ్ళు. ముఠాలో చోటు ఉండడమంటే వాళ్ళకి అరెకరం పొలం ఉన్నట్టే. తండ్రి తర్వాత కొడుక్కి వస్తుంది. చోటు ఉన్న మనిషికి జ్వరం వచ్చినా, ఊరెళ్ళినా, ఆ రోజుకి ఇంట్లోంచి ఇంకో మగమనిషిని పంపాలి. తమ్ముడో బావమరిదో వస్తాడు. హాజరు పుస్తకంలో మాత్రం చోటు ఉన్నవాడి పేరే పడుతుంది. కూలి ముఠా అంతా పంచుకుంటారు, అతని వాటా అతనికే వెళ్తుంది, వచ్చినవాడికి ఎంత ఇవ్వాలో ఇంటి దగ్గర వాళ్ళే చూసుకుంటారు. వచ్చినవాడి పేరు పుస్తకంలో రాస్తే అసలువాడి చోటుకి ఎసరు పెట్టినట్టు లెక్క. నేను పనిలో చేరిన కొత్తలో తెలియక ఒకసారి అలా రాస్తే, ముఠా మేస్త్రి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. “మీరు చదువుకున్నోళ్ళండీ, మా ఇళ్ళల్లో చిచ్చు పెట్టకండి” అన్నాడు. ఆ పేరు కొట్టేసి అసలువాడి పేరు రాశాను. తర్వాత ఎప్పుడూ ఆ పొరపాటు చెయ్యలేదు. యజమానికీ ఈ సంగతి తెలుసు. ఆయనకి కావలసింది పన్నెండు తలకాయలు.

ఆ ఇద్దరన్నదమ్ముల్లో అన్నకి ముఠాలో చోటు ఉంది. తమ్ముడికి లేదు. తమ్ముడు పొలం పనులకి వెళ్ళేవాడు, చేపలు పట్టే రోజున వల లాగడానికి వెళ్ళేవాడు, అన్న రాని రోజున మా దగ్గరకి వచ్చేవాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. పెళ్ళయి నాలుగేళ్ళు, ఒక పాప. వాళ్ళ నాన్నా నేనూ మిషనరీ స్కూల్లో ఒకే బెంచీ మీద చదువుకున్నాం, అందుకని నన్ను బాబాయ్ అనేవాడు.

ఆ రోజు అన్న తాడేపల్లిగూడెంలో క్రైస్తవ కూటాలకి వెళ్ళాడు. పందిరి వేసే దగ్గర సాయం చేస్తానని ముందే మాట ఇచ్చాడట. తమ్ముడు పొద్దున్నే లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. మేస్త్రి అతన్ని చూసి, “ఏరా, ఇవాళ నువ్వు అన్నవా తమ్ముడివా?” అన్నాడు.

“కూలి దగ్గర అన్ననండి, మోత దగ్గర తమ్ముణ్ణి” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే పుస్తకంలో అన్న పేరు ఎదురుగా టిక్కు పెట్టాను.

పదకొండు గంటలప్పుడు మిషను చప్పుడు మారింది. దిమ్మని ఇనుప కొక్కెంతో మిషను నోట్లోకి తోయాలి. కొక్కెం జారింది, దిమ్మ వెనక చెయ్యి లోపలికి వెళ్ళింది. ఆ నోటికి రేకు మూత ఉండాలి. మూత ఉంటే దిమ్మ తోయడం ఆలస్యమవుతోందని ఎప్పుడో తీసేశారు. మూత తీసేసి చాలాకాలమైందని నాకూ తెలుసు. బొటనవేలు మిగిలింది. నాలుగు వేళ్ళు పోయాయి.

వ్యానులో ఏలూరు తీసుకెళ్తుంటే అతను పెద్దగా అరవలేదు. “మిషను ఆపారా అండీ?” అని రెండుసార్లు అడిగాడు. నా బుర్రలో మాత్రం ఒకటే తిరుగుతోంది. అప్పిచ్చిన బ్యాంకువాళ్ళు అడిగారని యజమాని ముఠా పన్నెండు మంది మీదా ఒక ఇన్సూరెన్సు తీశాడు. పేర్ల జాబితా నేనే టైపు చేయించాను. అందులో అన్న పేరు ఉంది, తమ్ముడి పేరు లేదు. ఆ రోజు పుస్తకంలోనూ అన్న పేరే ఉంది. ఆసుపత్రి కాగితంలో కూడా అదే పేరు ఉంటే మూడూ కలుస్తాయి. డబ్బు వస్తే ఆ ఇంటికే కదా వస్తుంది అనుకున్నాను. ముఠాలో ఎప్పుడూ జరిగేదే ఇక్కడా జరుగుతుందనుకున్నాను. ఒకరి పేరు మీద ఇంకొకరు కష్టపడొచ్చని ఏళ్ళ తరబడి చూసిన మనిషిని. ఒకరి పేరు మీద ఇంకొకరి చెయ్యి తెగితే ఏమవుతుందో ఆలోచించలేదు.

యజమానికి ఫోను చేసి చెప్పాను. “మంచి పని చేశావయ్యా. పోలీసులూ గొడవా లేకుండా చూడు” అన్నాడు. ఆ మెచ్చుకోలు విని కొంచెం గర్వపడ్డాను కూడా. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా జరిగింది అదే.

అతని భార్య సాయంత్రానికి బస్సు దిగి వచ్చింది. మంచం తలవైపు తగిలించిన చీటీలో బావగారి పేరు చూసి, వేరేవాళ్ళ మంచం అనుకుని వార్డంతా తిరిగింది. నేను పక్కకి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. “మా ఆయన పేరు ఎక్కడా ఉండదాండీ మరి?” అని మాత్రం అడిగింది. ఉండకపోతేనే మంచిదమ్మా అన్నాను.

ఇన్సూరెన్సువాళ్ళకి అన్న పేరు మీదే కాగితాలు పంపాం. అన్నకి గట్టిగా చెప్పాను, రెండు నెలలు ఫ్యాక్టరీ వైపు రావద్దని. సరేనన్నాడు. మూడు వారాలు రాలేదు. ఆ తర్వాత ఆగలేకపోయాడు. ఇంట్లో సంపాదించే చేతులు అవే మిగిలాయి. తమ్ముడికి మందులు, కట్టు మార్చడానికి రోజు విడిచి రోజు ఏలూరు బస్సు ఛార్జీలు, అన్నీ ఆ చేతుల మీదే. పైగా ఎక్కువ రోజులు రాకపోతే చోటు వేరేవాళ్ళకి ఇస్తామని ముఠాలో కొందరు అంటున్నారు. ఒక పొద్దున వచ్చి దిమ్మలు లాగడం మొదలుపెట్టాడు. నేను చూశాను. ఒక్క రోజుకేమవుతుందిలే అనుకున్నాను.

రెండు రోజులకి ఇన్సూరెన్సు తరఫున విచారణ చేసే ఆయన వచ్చాడు. మెత్తని మనిషి, చేతిలో చిన్న జిప్పు బ్యాగు. మజ్జిగ ఇస్తే తాగాడు. దెబ్బ తగిలిన మనిషిని చూడాలన్నాడు. ఇంటి దగ్గర ఉన్నాడండీ అన్నాను. సరే, ముందు మిషను చూస్తానని లోపలికి నడిచాడు. నేను వెనక పరిగెత్తాను. మిషను దగ్గర ఉన్నవాళ్ళతో ఆయన మామూలుగా, ఫలానా ఆయన ఇల్లు ఎంత దూరమండీ అని అన్న పేరు చెప్పి అడిగాడు. వాళ్ళు నోరు విప్పేలోపే తొట్టె అవతల నుంచి, “ఎవరండీ, నన్నేనాండీ?” అంటూ అన్న తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

ఆయన ఆ రెండు చేతులూ చూశాడు. పదివేళ్ళూ ఉన్నాయి. తర్వాత నా వైపు తిరిగాడు. “మీ దగ్గర నీళ్ళు మంచివి లాగున్నాయండీ గుమాస్తా గారూ, వేళ్ళు మళ్ళీ మొలుస్తున్నాయి” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అన్నకి అప్పుడు అర్థమైంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం యజమాని నన్ను కూర్చోమనలేదు. ఇన్సూరెన్సువాళ్ళు మోసం కేసు పెడతామంటున్నారని, పేరు చెప్పింది నువ్వు, సంతకం నీది, కాబట్టి పోయేది నువ్వేనని చెప్పాడు. బయటపడే దారి కూడా ఆయనే చెప్పాడు. ఆ రోజు అన్నదమ్ముల్లో దెబ్బ ఎవరికి తగిలిందో కంగారులో మనం గమనించలేదు, ఆసుపత్రిలో ఆ పేరు దెబ్బ తగిలినవాడే చెప్పాడు, తమ్ముడు మన మనిషే కాదు, అన్నకి అన్నం క్యారేజీ తెచ్చి ఊరికే మిషన్లో చెయ్యి పెట్టాడు. కాగితం ముందే రాయించి ఉంచాడు.

చదివాను. ఒక్క వాక్యమూ నిజం కాదు. మా అబ్బాయి అప్పుడు వట్లూరులో కాలేజీలో చేరి ఏడాది అయింది. ఆ ఫీజు ఈ జీతంతోనే కట్టాలి. ఇవన్నీ కారణాలేనని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చూస్తే ఒకటే కారణం కనిపిస్తుంది. భయం వేసింది. సంతకం పెట్టాను.

ఆసుపత్రి బిల్లు యజమాని కట్టాడు. అంతటితో చేతులు దులుపుకున్నాడు. ఎవరో చెబితే తమ్ముడు ఏలూరులో ఒక అడ్వకేటు గారిని కలిశాడు. పెద్దాయన, పాత కోటు, మాట తక్కువ. నష్టపరిహారం కోసం యజమాని మీద, ఇన్సూరెన్సు కంపెనీ మీద లేబరు ఆఫీసులో దరఖాస్తు వేశారు. ఇలాంటి దరఖాస్తులు అక్కడ లేబరు ఆఫీసరు గారే జడ్జిలాగా కూర్చుని వింటారు. చట్టంలో ఒక పట్టిక ఉంటుందని, ఏ వేలు పోతే సంపాదనలో ఎంత శాతం పోయినట్టో అందులో ఉంటుందని, నాలుగు వేళ్ళు పోతే సగం పోయినట్టు లెక్కని అడ్వకేటు గారు వాళ్ళకి చెప్పారట. తర్వాత, “లెక్క కట్టడం తేలికేనయ్యా. ఆ వేళ్ళు ఎవరివో ముందు తేలాలి” అన్నారట. ఈ మాట తర్వాత నాతో చెప్పింది అన్నే.

తేలే దారి లేకుండా చేసింది నేను. తమ్ముడికి వేళ్ళు లేవు, కాగితాలూ లేవు. అన్నకి కాగితాలన్నీ ఉన్నాయి, వేళ్ళూ ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్ళి పేరు మార్చమని అడిగితే, రికార్డు మారదన్నారు. ఆపరేషను చేసిన డాక్టరు గారు అప్పటికే వేరే ఊరు వెళ్ళిపోయారు. అన్న చెప్పినా, సొంత తమ్ముడి కోసం చెబుతున్నాడన్నారు. ముఠాలో మిగతావాళ్ళు ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

విచారణకి పది నెలలు పట్టింది. వాయిదా ఉన్న ప్రతిసారీ భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. కుడిచెయ్యి కండువా కింద ఉండేది. ఆమె రొయ్యల షెడ్డులో పనికి వెళ్తోందని, వాయిదా రోజు కూలి పోతుందని విన్నాను.

నా వంతు వచ్చింది. నిజం చెబుతానని దేవుడి మీద ప్రమాణం చేశాను. యజమాని తరఫు లాయరు అడిగినవాటికి కాగితంలో ఉన్నట్టే చెప్పాను. తర్వాత పెద్దాయన లేచారు. ఆసుపత్రి కాగితం మీద సంతకం నాదేనా అన్నారు. నాదేనండి అన్నాను. ఈ అన్నదమ్ములు నాకు ఎన్నాళ్ళుగా తెలుసు అన్నారు. పుట్టినప్పటి నుంచీ తెలుసండి అన్నాను. ఆయన కళ్ళజోడు తీశారు.

“పుట్టినప్పటి నుంచీ తెలిసిన పిల్లవాణ్ణి వ్యానులో పక్కన కూర్చోబెట్టుకుని పన్నెండు మైళ్ళు తీసుకొచ్చారు. ఎవరో చూడలేదా అండీ?”

“కంగారులో చూడలేదండి” అన్నాను.

తమ్ముడు బెంచీ మీద నుంచి నన్నే చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అటు తిరగలేదు.

ఆ తర్వాత ఆదివారాలు చర్చికి వెళ్ళడం మానలేదు కాని, ప్రభు భోజనం ఇచ్చే వారం వెనక బెంచీలో కూర్చుండిపోయేవాణ్ణి. మా చర్చిలో లేచి ముందుకి వెళ్ళనివాళ్ళని అందరూ చూస్తారు. ఏదో తప్పు మనసులో పెట్టుకున్నాడని అర్థం చేసుకుంటారు. మా ఆవిడకి అడగకుండానే తెలుసు. పాస్టరు గారు ఒకసారి అడిగితే కడుపులో బాగోలేదన్నాను. అదీ అబద్ధమే. అన్నదమ్ములిద్దరూ మాత్రం ముందుకి వెళ్ళేవారు. తమ్ముడు రొట్టె ముక్క ఎడమచేత్తో తీసుకునేవాడు.

ఆ ఏడాది వానల్లో ఒక మధ్యాహ్నం తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. నన్ను తిట్టడానికి వచ్చాడనుకుని లోపలే ఆగిపోయాను. గుమ్మంలో నిలబడి, “ఖాళీగా ఉన్నారాండీ గుమాస్తా గారూ?” అన్నాడు. బాబాయ్ అనలేదు.

సంగతేమిటంటే, ఆ రోజు జరిగిందంతా మొదటి నుంచీ ఒక కాగితం మీద రాయించుకు రమ్మని అడ్వకేటు గారు చెప్పారట. చివరి వాదనకి కావాలట. అతను అయిదో తరగతి చదివాడు, రాసే చెయ్యి లేదు. ఆ ఊరికి అర్జీలు, రేషను కార్డు దరఖాస్తులు రాసిపెట్టేది నేనే. ఇంకెవరి దగ్గరకైనా వెళ్ళవచ్చు కదా అని నేను అనలేదు. బహుశా ఎవరూ లేకపోయి ఉంటారు. నన్ను శిక్షించడానికి వచ్చాడని చాలామంది తర్వాత అన్నారు. నాకు అలా అనిపించలేదు. అర్జీ రాయించుకోవాలంటే మా ఇంటికి రావడం ఆ ఊరివాళ్ళకి అలవాటు. అంతే.

అతను చెప్పాడు, నేను రాశాను. పొద్దున ఎన్నింటికి వచ్చాడు, మేస్త్రి ఏమన్నాడు, కొక్కెం ఎలా జారింది. గొంతు ఎక్కడా పెరగలేదు. తర్వాత ఆసుపత్రి దగ్గరికి వచ్చాడు.

“అప్పుడు గుమాస్తా గారు మా అన్న పేరు చెప్పారండి. అది అన్న పేరు కదండీ అని నేను అన్నానండి. మాట్లాడకు అన్నారండి.” నా కలం ఆగిపోయింది. అతను కాగితం వైపు చూస్తూ, “అది కూడా రాయండి” అన్నాడు.

రాశాను. కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశాడు. రాసినందుకు ఎంతివ్వమంటారు అని అడిగాడు. కాగితం అతని చేతికి ఇచ్చేశాను. కాగితం మడిచి, తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను అడ్వకేటు గారి ఇంటికి వెళ్ళాను. చెప్పింది అబద్ధమని, మళ్ళీ వచ్చి నిజం చెబుతానని అన్నాను. ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఆయన నిట్టూర్చారు. కూర్చోమని, మెల్లగా, చదువురానివాడికి చెప్పినట్టు చెప్పారు. నేను మొదటే చెప్పి ఉంటే అదొక సాక్ష్యం. ఇప్పుడు చెబితే రెండు సాక్ష్యాలు, ఒకదాన్నొకటి కొట్టుకునేవి. పైగా ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు నా మీద కేసు కూడా పెట్టొచ్చు. “అయినా చెబుతారా?” అన్నారు. చెబుతానండి అన్నాను. “చెప్పండి. నాకింకేం మిగల్లేదు కూడాను” అన్నారు.

అఫిడవిట్ వేశాను. ఆ వారమే ఉద్యోగం పోయింది. అందుకు నాకు బాధ లేదు, కాని అది నేను చేసిన త్యాగమని కూడా చెప్పుకోలేను. ఏడాది ముందు పోవలసిన ఉద్యోగం.

మళ్ళీ పిలిచినప్పుడు ఇన్సూరెన్సు లాయరు నన్ను ఎక్కువ అడగలేదు. ఆయనకి అక్కర్లేకపోయింది. “ప్రమాణం చేసి అప్పుడొకటి చెప్పారు. ప్రమాణం చేసి ఇప్పుడొకటి చెబుతున్నారు. ఇద్దరు గుమాస్తాలు ఉన్నారాండీ, ఒక్కరేనా?” అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. అతనూ భార్యా నవ్వలేదు.

తీర్పు నాలుగు పేజీలు. అందులో నా గురించి ఒక పేరా ఉంది. ఈ సాక్షి తనకి తోచినప్పుడల్లా మాట మార్చే మనిషని, ఇతని మాట దేనికీ ఆధారంగా తీసుకోలేమని ఉంది. దరఖాస్తుదారు ఆ రోజు ఆ ఫ్యాక్టరీలో పనివాడని రుజువు కాలేదని, దరఖాస్తు కొట్టేశామని ఉంది. నా గురించి అందులో రాసింది నిజం. ఆ నిజం వల్ల అతనికి రావలసింది పోయింది. హైదరాబాదు వెళ్ళి హైకోర్టులో అప్పీలు వేయొచ్చని అడ్వకేటు గారు చెప్పారు. ఆయనే, వేయడానికి డబ్బూ, వేశాక బలమూ రెండూ లేవని కూడా చెప్పారు. వేయలేదు.

ఆ తర్వాత ఏడాదికి ప్రభుత్వంవాళ్ళు మిషన్లు తెచ్చి కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకి మంచిదేనన్నారు. నాకు తెలియదు. మా పాత ఫ్యాక్టరీకి చేప రావడం తగ్గి, మూసేశారు. ముఠా చెదిరిపోయింది. అన్న పెదవేగి వైపు పామాయిలు తోటల్లో గెలలు కోసే పనికి వెళ్ళాడు. ఆ చోటు కోసమే అంత జరిగింది. ఆ చోటు లేకుండా పోయింది.

నేను అప్పటికే తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల వ్యాపారి దగ్గర చేరాను. వట్లూరులో రైలెక్కి రోజూ వెళ్ళి వచ్చేవాణ్ణి. గోడౌను గేటు దగ్గర పగలు కూర్చునే మనిషి మానేస్తే, వ్యాపారికి తమ్ముడి సంగతి చెప్పాను. జరిగిందంతా చెప్పలేదు, చెయ్యి దెబ్బతిన్న మనిషని, నమ్మకస్తుడని చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. కబురు పెడితే వచ్చాడు. నా కోసం రాలేదు, వేరే దారి లేక వచ్చాడు. గోడౌను వెనక ఒక గది ఇచ్చారు. అతని భార్యకి ఉల్లిపాయలు ఏరే పని దొరికింది. ఇన్నాళ్ళకి నా చేత్తో ఒక మంచి పని జరిగిందని ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె లేచి అన్నం వడ్డించింది.

నేను పొద్దున గేటులోకి వెళ్ళేటప్పుడు అతను లేచి నిలబడేవాడు. నిలబడొద్దని చెప్పినా నిలబడేవాడు. అవసరమైన మాట తప్ప మాట్లాడేవాడు కాదు. మూడు నెలలు గడిచాక ఒక సాయంత్రం నా బల్ల దగ్గరకి వచ్చాడు.

“మీరేం అనుకోకండి గుమాస్తా గారూ. వచ్చే నెల నుంచి మానేస్తానండి.”

ఏమైంది, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను.

“లేదండి. పని బాగానే ఉందండి. పిల్లకి ఇక్కడ బడి కూడా దగ్గరండి.” నేల చూస్తూ అన్నాడు. “పొద్దున్నే మీ మొహం చూస్తానండి. ఇంక ఆ రోజంతా అదేనండి.”

కోపం లేదు ఆ మాటలో. నెమ్మదిగా, అండీ మీద అండీ పెట్టి చెప్పాడు. అతను ఆ పని మానేస్తే ఎక్కడికి వెళ్తాడో ఇద్దరికీ తెలియదు. భార్య పని, పిల్ల బడి, ఆ గది, అన్నీ గేటు పనితో ముడిపడి ఉన్నాయి. నా మొహం చూడడం అతనికి అంత ఖరీదు పడుతోందని అప్పటిదాకా నాకు తట్టలేదు. కళ్ళముందు ఉండి సాయం చేస్తున్నాననుకున్నాను. ఆసుపత్రి కౌంటరు దగ్గర ఎలా అనుకున్నానో అలాగే, అతన్ని అడగకుండా.

ఒక్క వారం ఆగు అన్నాను. మర్నాడు వ్యాపారి దగ్గర కూర్చుని, ఈసారి ఏమీ దాచకుండా చెప్పాను. పేరు మార్చడం, అబద్ధపు సాక్ష్యం, తీర్పులో నా పేరా, అన్నీ. చెప్పి, నేను మానేస్తానని, అతన్ని ఉంచమని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. “ఇద్దర్లో ఒకరు పోవాలంటే గేటు మనిషి పోతాడు గానీ లెక్కల మనిషి పోతాడాండీ ఎక్కడైనా?” అన్నాడు. ఇక్కడ పోతాడండి అన్నాను. ఇలాంటి గుమాస్తాని ఉంచుకోవడం కూడా ఆయనకి అంత ఇష్టం లేకపోయి ఉండవచ్చు. కొత్త మనిషికి పని నేర్పి వెళ్ళమన్నాడు. గేటు దగ్గర అతన్ని కదపనని మాట ఇచ్చాడు. ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మన్నాను. నవ్వుతూనే రాసిచ్చాడు. దాన్ని తీసుకెళ్ళి అతని భార్యకి ఇచ్చాను. ఆమెకి కూడబలుక్కుని చదవడం వచ్చు. మొత్తం చదివి, చీర కొంగులో కట్టుకుంది.

ఇది నష్టపరిహారం కాదు. చట్టంలో అతనికి రావలసినదానితో పోలిస్తే లెక్కలోకి రాదు. అతని చెయ్యి అలాగే ఉంది. నేను పోగొట్టింది నేను ఇవ్వలేను. ఇవ్వగలిగింది ఇదొక్కటే కనిపించింది.

భీమడోలులో ఒక రైసు మిల్లులో తక్కువ జీతానికి పని కుదుర్చుకున్నాను. నెలాఖరు రోజున గోడౌను తాళాలు అప్పగించి బయటికి వస్తుంటే అతను గేటు దగ్గర లేచి నిలబడ్డాడు. నేను వెళ్ళిపోతున్నానని అతనికి తెలిసే ఉంటుంది. గేటు తీసి పట్టుకున్నాడు. నేను రోడ్డు ఎక్కాను. మర్నాటి నుంచి అదే రైల్లో తాడేపల్లిగూడెం దాకా వెళ్ళకుండా భీమడోలులో దిగిపోతూ వచ్చాను.